తుడవని పలక

"మనిషి సస్తే పోస్టుమార్టం చేస్తరు మేడం. మెషిన్ సస్తే మనిషిని జైలుకు పంపుతరా?"

సౌజన్య ఈ మాట అడిగినప్పుడు గోడ గడియారంలో ఒంటిగంట దాటింది. నాలుగింటికి ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆలోగా నేను సమాధానం చెప్పలేకపోతే ఆ పిల్లని జీపెక్కిస్తారు.

నా పేరు ఇంద్రాణి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, కిరాయి తక్కువని తీసుకున్న గదే నా ఆఫీసు. చచ్చిన కంప్యూటర్లు ఎందుకు చచ్చాయో తేల్చడం నా వృత్తి. విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తమ మెషిన్ చచ్చాక ఫోన్ చేస్తారు.

ఈసారి చచ్చింది ఎల్బీ నగర్‌లోని ఒక ఆన్‌లైన్ పరీక్షా కేంద్రం సర్వర్. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉద్యోగ పరీక్ష. రోజుకి రెండు పూటలు, పూటకి మూడు వందల మంది. మంగళవారం మధ్యాహ్నం పరీక్ష నడుస్తుండగా సర్వర్ పడిపోయింది. లేపి ఆ పూట మళ్ళీ పెట్టారు. ఈ రోజు గురువారం, ఉదయం పూట మళ్ళీ పడింది. రాయడానికి వచ్చినవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. సర్వర్ చూసుకునే పిల్లే కావాలని పడేసిందని మెయింటెనెన్స్ కంపెనీ తేల్చేసింది. ఆ పిల్లే సౌజన్య, నాకు ఫోన్ చేసి ఆ కేంద్రానికి రప్పించింది కూడా తనే.

"నీ మీద వాళ్ళ దగ్గరున్న సాక్ష్యం ఏంటి?" అని అడిగాను.

"మంగళారం పడిపోయినంక సిస్టమ్ ఫైల్ల ఒక లైన్ మార్చిన. ఎవర్నీ అడగలే. గదే నా తప్పంట."

"ఏ లైను?"

"మెషిన్ సచ్చేటప్పుడు తన మెమొరీల ఉన్నదంత డిస్క్ మీద రాసిపెట్టుకునే ఏర్పాటు ఉంటది గద మేడం, డంప్ అని. గది ఆఫ్ ఉండె. ఆన్ చేసిన."

"ఎందుకు చేశావు?"

ఆ పిల్లకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఎందుకేంది మేడం? లేపేముందు పంచనామా చెయ్యాలె అని రామస్వామి సార్ చెప్పలేదా మీకు? నేను సార్ ఆఖరి బ్యాచ్. మీ నంబర్ ఇచ్చింది గూడ సారే. యూనిక్స్‌ల తిప్పలొస్తే ఇంద్రాణిని అడుగు అన్నడు."

నాకు యూనిక్స్ కంప్యూటర్ల మీద పని నేర్పిన రామస్వామి మాస్టారు పోయి ఏడాది దాటింది. ఆయన మాట ఇంకొకరి నోట వినడం ఇదే మొదటిసారి. మనసు ఒక్కసారి బరువెక్కింది, దాచుకోవడం నాకు చాతకాలేదు. కాసిని మంచినీళ్ళు తాగి, "కూర్చో. ఇక్కణ్ణుంచి కదలకు. ఎవరేం అడిగినా నన్ను అడగమను" అని చెప్పి యజమాని గదిలోకి వెళ్ళాను.

యజమాని పేరు బక్కయ్య. పేరుకే బక్కయ్య, కుర్చీకి ఒక్క అంగుళం కూడా మిగల్చలేదు. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, లారీలు తిప్పి, వాటిని అమ్మి ఈ కేంద్రం పెట్టాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

"లారీ అయితే ఇంజన్ సప్పుడు విని ఏడ చెడ్డదో చెప్త మేడం. గిది సప్పుడు లేకుంట పడిపోతది. నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"ఈ సర్వర్ పెట్టి ఎన్నాళ్ళయింది?"

"మూడేండ్లాయె. వంశీ సార్ కంపెనోళ్ళే పెట్టిన్రు. ఆడికెళ్ళే చూసుకుంటరు, గా రిమోట్ లైన్ మీదికెళ్ళి."

"ఇంతకుముందు ఎప్పుడైనా పడిందా?"

"ఒక్కనాడు గూడ పడలె. నా లైసెన్సు మీద ఒట్టు."

"మరి ఈ వారం కొత్తగా ఏం చేశారు?"

"ఏం జెయ్యలే. గదే మెషిన్, గదే పోరి, గదే పరీక్ష."

ఏళ్ళ తరబడి నిలబడ్డ మెషిన్ వారంలో రెండుసార్లు పడిందంటే ఏదో మారి ఉండాలి. మనుషులు మార్పుని చెప్పమంటే చెప్పరు, వాళ్ళకది మార్పులా కనిపించదు. అందుకే ఇలాంటి చోట్ల నేను అలవాట్ల గురించి అడుగుతాను.

"సాయంత్రం మూసేటప్పుడు రోజూ ఏం చేస్తారు బక్కయ్యగారూ? వరసగా చెప్పండి."

"ఏముంటది? సౌజన్య సర్వర్ బంద్ చేస్తది. నేను అగరొత్తులు ముట్టిచ్చి, దండం పెట్టుకోని, మెయిన్ గుంజి, షటర్ దించుత. మా పక్కపొంటి బట్టల దుకాణం షార్ట్ సర్క్యూట్‌ల కాలిపోయినప్పటిసంది మెయిన్ గుంజకుంట నేను ఇంటికి పోను."

"ఈ వారం కూడా గుంజారా?"

బక్కయ్య నావైపు అదోలా చూశాడు. "ఎట్ల గుంజుత? మెయిన్ మీద సీల్ ఏసిపాయె ఆ పెద్ద మేడం. ఐదు దినాలు మెయిన్ ముట్టద్దు, సర్వర్ గూడ బంద్ చెయ్యద్దన్నది. సోమారం సంది నాకు కంటి మీద కునుకు లేదు."

నేను లేచి నిలబడ్డాను. "ఆ సీల్ చూపించండి."

షటర్ పక్కన గోడకి పాత ఇనప మెయిన్ బాక్స్ ఉంది. దాని పిడికి తెల్ల కాగితం పట్టీ చుట్టి, పైన ఎర్ర లక్క కరిగించి ముద్ర వేశారు. కాగితం మీద సంతకం: కృష్ణకుమారి, పరీక్షా పరిశీలకురాలు. పిడి మీద కొత్త ధూళి పేరుకుంది. మూడేళ్ళుగా ప్రతి సాయంత్రం బక్కయ్య చెయ్యి తగిలి నున్నబడ్డ చోట అది ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.

"ముట్టుకోవద్దు" అన్న గొంతు వెనకనుంచి వినిపించింది. ఆ సంతకం చేసిన మనిషే. సన్నగా, పొడుగ్గా, ఫైలు ఛాతీకి ఆనించుకొని నిలబడి ఉంది. పోలీసు ఫిర్యాదు ఆ ఫైల్లోనే ఉందని నాకు చెప్పక్కర్లేదు.

"ముట్టుకోను మేడం. ఈ సీల్ ఎప్పుడూ వేస్తారా?"

"లేదు, ఈ పరీక్షకే ఏసిన. పోయినసారి ఇంకో సెంటర్ల కరెంట్ పోయిందని చెప్పి పేపర్ మళ్ళ పెట్టమన్నరు. గందుకే కరెంట్ ఎవరి చేతిల ఉండద్దన్న. అయితే ఏంది? సర్వర్ పడ్డది కరెంట్ పోయి కాదు గద."

"కరెంట్ పోలేదు కాబట్టే పడింది."

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "నాకు కథలు వద్దు. సాఫ్ సీదా చెప్పున్రి."

చెప్పాను. కంప్యూటర్లో కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. అన్నిటికీ చోటు పంచిపెట్టే పెద్ద అది. మామూలు ప్రోగ్రాములకి చోటు చాలకపోతే వాటిలో ఒకదాన్ని బయటికి పంపి పని నడిపిస్తుంది. పెళ్ళి విందులో కుర్చీలు చాలకపోతే తిన్నవాళ్ళని లేపినట్టు. కానీ కెర్నెల్ తన సొంతానికి ఉంచుకున్న చోటే నిండిపోతే ఎవర్ని పంపాలి? వంటశాల నిండా సామాన్లు పడి వంటమనిషి నిలబడే జాగా లేకపోతే విందు మొత్తం ఆగిపోతుంది. రెండుసార్లూ ఈ సర్వర్ చచ్చేముందు తెర మీద రాసిన ఆఖరి మాట అదే, కెర్నెల్ మెమొరీ అయిపోయిందని.

"ఎవరో ఆ వంటశాలలో సామాన్లు పెడుతున్నారు, తియ్యడం లేదు" అన్నాను. "మూడేళ్ళుగా పెడుతున్నారనుకుంటాను. రోజూ సాయంత్రం మెషిన్ ఆగిపోతే మెమొరీ దానంతటదే ఖాళీ అయ్యేది. మీరు సీల్ వేశాక ఖాళీ అవడం ఆగింది."

"గా పెట్టినోళ్ళు సౌజన్యే కావచ్చు గద."

"కావచ్చు. కానీ ఆ పిల్లే అయితే, చచ్చేటప్పుడు అంతా రాసిపెట్టమని మెషిన్‌కి తనే ఎందుకు చెబుతుంది? దొంగతనం చేసేవాడు సీసీ కెమెరా తనే బిగిస్తాడా?"

కృష్ణకుమారి ఫైలు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చింది. "నాలుగు వరకు టైముంది మీకు. నా ముంగటనే చూడాలె" అంది.

సర్వర్ గది తలుపు తెరిచేసరికి లోపల ఒకతను తెర ముందు కూర్చొని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, రంగేసిన జుట్టు. అలికిడికి వెనక్కి తిరిగాడు.

"ఇందూ! నువ్వా?"

నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే ఉండేవాళ్ళు. ఇద్దరు పోయారు. ఒక్క క్షణం కేసు మర్చిపోయాను. రెండు వేల మూడులో మలక్‌పేట నుంచి చెయిన్ ఊడిపోయే సైకిల్ మీద క్లాసుకి వచ్చి, చేతికంటిన గ్రీజు మాస్టారికి కనపడకుండా నా చున్నీకి తుడిచిన వంశీకృష్ణ ఇతనే. బక్కయ్య చెప్పిన వంశీ సార్ మా వంశీ అని నాకు తట్టనే లేదు.

"బావున్నావా వంశీ?" అన్నాను. నిజంగానే అడిగాను.

"ఎక్కడ బావుంటాను, ఈ గోల చూస్తున్నావుగా. ర్యామ్ చాలడం లేదు, పైగా ఆ పిల్ల సిస్టమ్‌ని కెలికింది. ఫార్మాట్ కొట్టేసి కొత్తగా ఎక్కిస్తున్నా. రేపు పొద్దున్నే పరీక్ష పెట్టుకోవచ్చు."

"శవం ఇంకా ఇంట్లోనే ఉంది. అప్పుడే ఇల్లు కడిగేస్తావా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు మారలేదు. "ఇంకా మాస్టారి డైలాగులేనా నువ్వు? కాలం మారింది ఇందూ. ఇప్పుడెవరూ డంపులు చదువుకుంటూ కూర్చోరు. పడితే లేపుతారు, లేవకపోతే మారుస్తారు."

"ర్యామ్ చాలకపోతే మొదటి పూటే పడాలి కదా. ప్రతి పూటా అంతేమంది, అలాంటి పేపరే. మరి రెండుసార్లూ నాలుగో పూటకే ఎందుకు పడింది?"

"నాలుగో పూట ఏంటి?"

"సోమవారం రెండు, మంగళవారం ఉదయం ఒకటి, మధ్యాహ్నం నాలుగోది. పడింది. లేపి ఆ పూట మళ్ళీ పెట్టారు, అది మొదటిది. నిన్న రెండు. ఈ ఉదయం మళ్ళీ నాలుగోది. పడింది."

వెనకనుంచి కృష్ణకుమారి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం చూశాను. వంశీ కూడా చూశాడు.

"కాకతాళీయం" అన్నాడు.

"డంప్ ఆఫ్ చేసింది ఎవరు?"

"నేనే. డిస్క్ దండగ అని. అందులో తప్పేముంది?"

"తప్పేం లేదు. లే, నేను కూర్చోవాలి."

అతను లేవలేదు. కృష్ణకుమారి వైపు తిరిగి గొంతు మార్చాడు. "మేడం, ఆ డంప్‌లో పరీక్ష పేపర్లు ఉండొచ్చు. బయటివాళ్ళు చూడటం నేరం. రేపు కోర్టులో అడిగితే మీరు జవాబు చెప్పాలి."

వాడి వాదన బాగుంది. నేనైతే ఆ మాటకి తడబడేదాన్నే. కృష్ణకుమారి తడబడలేదు.

"అయిపోయిన పూట పేపర్ సార్ అది. నా ముంగట చూస్తది, నేను సంతకం పెడ్త. మీరు జర లేవున్రి" అంది.

వంశీ లేచాడు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. తెర మీద ఫార్మాట్ ఆదేశం టైపు చేసి సిద్ధంగా ఉంది, ఎంటర్ ఒక్కటే తక్కువ. దాన్ని చెరిపేశాను.

చచ్చిన కెర్నెల్ ఏ పనికి ఎంత మెమొరీ ఇచ్చిందో డంప్‌ని అడిగితే వరసలుగా చెబుతుంది. వీఎమ్‌స్టాట్ అని ఒక పాత పనిముట్టు ఉంది దానికి. బతికున్న మెషిన్‌ని ఎలా అడుగుతామో చచ్చిన మెషిన్‌ని కూడా అలాగే అడగొచ్చు. అడిగాను. తెర నిండా వరసలు పడ్డాయి. నెట్‌వర్క్‌కి కాస్త, ఫైళ్ళకి కాస్త, అన్నీ ఉండాల్సినంతే ఉన్నాయి. కిందికి దిగాను. అక్కడ నాలుగు వరసలు, ఒకదాని కింద ఒకటి. ఎండీ సున్నా, ఎండీ ఒకటి, ఎండీ రెండు, ఎండీ మూడు. మిగతా అన్నీ కలిపినా ఆ నాలుగింటిలో ఒక్కదానికి సరిపోవు.

ఆ రెండక్షరాలు చూసి ఎన్నేళ్ళయింది!

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ వెనక రెండో అంతస్తులో ఉండేది మాస్టారి ఇన్‌స్టిట్యూట్. గుమ్మం బయట చెప్పుల కుప్ప, లోపల అరడజను మెషిన్లు, ఒక్క టేబుల్ ఫ్యాను. ఫ్యాను మెషిన్లకే, మాకు కాదు. డిస్కులు చిన్నవి. అందరం ఫైళ్ళు దాచుకుంటే వారం తిరక్కుండా నిండిపోయేవి. అందుకని మాస్టారు ఒక పద్ధతి పెట్టారు. డిస్కు జోలికి పోకుండా కెర్నెల్ దగ్గర కాస్త మెమొరీ అడిగి తీసుకొని దాన్నే డిస్కులా వాడుకోవాలి. మెషిన్ దాన్ని ఎండీ అంటుంది. మాస్టారు దాన్ని పలక అనేవారు. "రాసుకోన్రి, దిద్దుకోన్రి. మాపటికి నేను మెయిన్ గుంజితే అదే తుడుసుకపోతది" అనేవారు. ఎవరి పలకకి వాళ్ళు పేరు పెట్టుకోవాలి. పేరు లేని పలక కనిపిస్తే ఆ రోజు అందరి ముందూ ఆయన చేతిలో అయిపోయినట్టే. పలక పెట్టే చిన్న ప్రోగ్రాము నేను రాసుకొని ఫ్లాపీలో ఉంచుకునేదాన్ని. ఆ ఫ్లాపీ కోసం రోజుకొకరు మిర్చి బజ్జీలు తెచ్చేవారు. సాయంత్రం కరెంటు పోతే అందరం మెట్ల మీద చేరి, చీకట్లో ఆ బజ్జీలు తింటూ, కరెంటు రాకూడదని కోరుకునేవాళ్ళం.

"ఏంది గవి?" కృష్ణకుమారి గొంతు నన్ను ఈ గదిలోకి తెచ్చి పడేసింది.

"పలకలు మేడం" అన్నాను. "పరీక్ష నడిచేటప్పుడు ఎవరో మెమొరీలోనే ఒక డిస్కు తయారు చేసుకొని అందులో పని చేసుకున్నారు. పూటకి ఒకటి చొప్పున నాలుగు. మామూలు డిస్కు మీద ఏం చేసినా మీ తనిఖీలో దొరుకుతుంది. దీని మీద చేసింది మెషిన్ ఆగగానే మాయమైపోతుంది. బక్కయ్యగారు రోజూ మెయిన్ గుంజి, తెలియకుండానే వాళ్ళ సాక్ష్యం తుడిచేస్తూ వచ్చారు."

"పని అంటే ఏం పని?"

ఎండీ మూడులో ఏముందో డంప్ నుంచి బయటికి లాగాను. ప్రశ్నపత్రం బొమ్మలతో సహా ఉంది. దాని కింద సీటు నంబర్లు, ఒక్కో నంబరు ఎదురుగా పాత జవాబు, కొత్త జవాబు. తప్పుగా పెట్టినవన్నీ ఒప్పులుగా మారాయి. మూడు వందల సీట్లలో ఓ గుప్పెడు మాత్రమే.

కృష్ణకుమారి కుర్చీ వెనక భాగం పట్టుకుంది. "మూడేండ్లు" అంది మెల్లగా. "మూడేండ్ల సంది ఈ సెంటర్ల ఎన్ని పరీక్షలు పెట్టిన్రో. ఎంతమంది పిల్లలు రాసి, రాలేదని ఇంటికి పోయిండ్రో." ఆమె గొంతులో కటువుతనం పోయింది. అది నాకు నచ్చింది.

"పరీక్ష జరిగేటప్పుడు ఈ గదిలోకి సౌజన్య వచ్చిందా?"

"ఎవ్వరూ రాలే. తలుపుకు సీల్ ఉండె. నేను బయటనే కూసున్న."

"అయితే బయటినుంచి లైన్ మీద వచ్చి చేశారు."

అప్పుడే బక్కయ్య తలుపు దగ్గర నిలబడి ఆయాసపడ్డాడు. "మేడం, ఇన్‌స్పెక్టర్ జల్దీ వచ్చిండు. కింద ఉన్నడు. సౌజన్యను పిలువుమంటున్నడు."

"నేనొచ్చేదాంక ఆ పిల్లను ఎవ్వరూ ముట్టద్దని చెప్పు" అని కృష్ణకుమారి గబగబా బయటికి నడిచింది. గుమ్మంలో ఆగి నాతో అంది: "ఎవరో నాకు పేరు కావాలె. పేరు లేకుంటే ఫిర్యాదుల రాసిన పేరే ఉంటది."

గదిలో వంశీ, నేను మిగిలాం. నేను తెరవైపే చూస్తూ మాట్లాడాను.

"ఆ రిమోట్ లైన్ నీ చేతిలోనే ఉందిగా వంశీ."

"కంపెనీలో చాలామంది చేతుల్లో ఉంది. నిరూపించు చూద్దాం."

"పలక అనే పద్ధతి ఎంతమందికి తెలుసు?"

"ఆ మాన్యువల్ చదివినవాళ్ళందరికీ."

"పలకకి పేరు పెట్టి తీరాలనేది?"

అతను నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ప్రతి పలక మొదట్లో దాని పేరు రాసి ఉంటుంది. దాన్ని వెతికే ఆదేశం కొట్టాను. డంప్ పెద్దది, కాస్త సమయం తీసుకుంది. ఆ కాసేపూ వాడి పేరు కనపడకూడదని నేను కోరుకున్నాను, అదే నిజం. మెట్ల మీద చీకట్లో నా పక్కన కూర్చొని బజ్జీ సగం విరిచి ఇచ్చిన మనిషి దొంగ కాకూడదని కోరుకున్నాను.

వాడి పేరు కనపడలేదు.

తెర మీద నాలుగు వరసలు వచ్చాయి. నాలుగింటి మీదా ఒకే పేరు ఉంది. ఇందు.

అది నా స్క్రిప్టు, పలక పెట్టగానే దాని మీద నా పేరు వేసే నా చిన్న ప్రోగ్రాము. నా ఫ్లాపీ మీదిది. ఇన్నేళ్ళూ వాడు దాన్ని ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి మోసుకుంటూ వచ్చాడు, ఉన్నది ఉన్నట్టుగా.

"చూశావా?" వంశీ గొంతు నా భుజం వెనక వినిపించింది. ఇప్పుడందులో నవ్వు లేదు. "ఇంక ఆ మేడాన్ని పిలువు. పేరు కావాలందిగా. ఇందు అంటే ఎవరని అడుగుతుంది."

"నువ్వే కదా వంశీ ఇది చేసింది."

"చేశాననే అనుకో. కాగితం మీద ఎవరి పేరుంది? ఈ సిస్టమ్ లోపలి సంగతులు నా కంటే నీకే ఎక్కువ తెలుసని దిల్‌సుఖ్‌నగర్ మొత్తానికి తెలుసు. ఇది చూపించకపోతే పోయేది ఆ పిల్ల ఒక్కతే. అది కూడా ఎంత, నాలుగు రోజులు తిప్పి వదిలేస్తారు. చూపిస్తే పోయేది నువ్వు. ఆ డంప్ ఫైలు ఒక్కటి తీసెయ్ ఇందూ. మనం మనం ఎందుకు కొట్టుకోవడం?"

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఈ స్క్రిప్టు ఎప్పుడైనా చదివావా?"

"పని చేస్తుంటే చదవడం ఎందుకు?"

"ఇందులో పలక పెట్టే లైన్లే ఉన్నాయి. తీసేసే లైను లేదు. మాస్టారు రోజూ మెయిన్ గుంజేవారు కాబట్టి మనకి అవసరం రాలేదు. ఇక్కడ బక్కయ్య గుంజాడు కాబట్టి నీకూ రాలేదు. సీల్ పడగానే పూటకో పలక పేరుకుపోయి కెర్నెల్ చోటంతా మింగేసింది. నువ్వు చదివి ఒక్క లైను కలిపి ఉంటే నిన్ను ఎప్పటికీ ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్ళు."

వంశీ మొహం పాలిపోయింది. ఆ పాలిపోవడం నాకు తెలుసు. మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచి లైను లైనూ అర్థం చెప్పమన్నప్పుడు కూడా ఇలాగే అయ్యేది. అప్పుడు నేను వెనక బెంచీ నుంచి పెదాలు కదిలించి అందించేదాన్ని.

కింద నుంచి సౌజన్య గొంతు వినిపించింది. "నేనేం జెయ్యలే సార్, పంచనామా కోసమే ఆన్ చేసిన" అంటోంది. తర్వాత మెట్ల మీద అడుగుల చప్పుడు. వంశీ చెయ్యి నా భుజం మీదుగా కీబోర్డు వైపు వచ్చింది. నేను కీబోర్డుని ఒళ్ళోకి లాక్కొని రెండు చేతులతో పట్టుకున్నాను. వాడు నా మణికట్టు పట్టి లాగాడు. గాజు ఒకటి చిట్లి నేల మీద పడింది.

"కృష్ణకుమారిగారూ!" అని గట్టిగా అరిచాను. "పేరు దొరికింది!"

ఆమె ఇన్‌స్పెక్టర్‌తో పాటు లోపలికి వచ్చేసరికి వంశీ గోడవారకి జరిగి చేతులు కట్టుకున్నాడు. వెనక సౌజన్య, బక్కయ్య నిలబడ్డారు. కృష్ణకుమారి వంగి తెర మీది పేరు చదివింది. రెండోసారి చదివింది.

"ఇందు ఎవరు?"

సౌజన్య మొహం చూశాను. మాస్టారి ఆఖరి బ్యాచ్. ఆయన చెప్పిన ఒక్క మాట నమ్మి, నౌకరీ పోతుందని తెలిసి కూడా ఆ లైను మార్చిన పిల్ల.

"నేనే మేడం" అన్నాను. "ఆ పలకలు పెట్టే స్క్రిప్టు ఇరవై ఏళ్ళ కింద నేను రాసింది. దాన్ని నా దగ్గర తీసుకున్నవాడు ఆ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. మొదటి మాటకి సాక్ష్యం తెర మీద ఉంది. రెండో మాటకి ప్రస్తుతం నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ ఈ పిల్లకి మాత్రం దీంతో ఏ సంబంధమూ లేదు. ఆ పిల్ల ఆన్ చేయకపోతే మీకిది దొరికేదే కాదు."

కృష్ణకుమారి ఫైలు తెరిచి, ఫిర్యాదు కాగితం తీసి, సౌజన్య పేరు మీద అడ్డంగా గీత కొట్టింది. తర్వాత కలం పట్టుకొని నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"మీ పూర్తి పేరు చెప్పున్రి" అంది.

చెప్పాను. ఇన్‌స్పెక్టర్ నా ఫోన్ కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను. సౌజన్య ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. "మేడం, ఎందుకు చెప్పిన్రు మీరు?" అంటూ చిట్లిన గాజు గీసుకున్న చోట తన చున్నీ కొంగు అదిమింది.

గుమ్మం దాటుతూ వంశీ వైపు చూశాను. వాడు నావైపు చూడలేదు, తెర మీది ఆ పేరు వైపే చూస్తున్నాడు. ఒకసారి తనిఖీలో మాస్టారికి రెండు మెషిన్ల మీద ఇదే పేరు కనిపించింది. "గీ క్లాసుల ఇద్దరు ఇందులున్నరా?" అని ఆయన అడిగితే గది మొత్తం పగలబడి నవ్వింది, వంశీ కూడా నవ్వాడు. ఆ సాయంత్రం మెట్ల మీద వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను, నాది కాపీ కొట్టుకో, ఫరవాలేదు, ఆ పేరొక్కటి మార్చుకోమని.